తెల్లతుమ్మలో నాము

2003 ఎండాకాలం. మైదుకూరుకు దగ్గర్లోని ఒక పల్లె పశువైద్యశాలలో నేను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. పేరు పెద్దదే గానీ, ఆ చుట్టుపక్కల ఊళ్ల గొడ్డూగోదకు ఉన్న ఒకే ఒక్క డాక్టరునని దాని అర్థం. అంతకు ముందు ఏడు వాన మొహం చూపలేదు. చెరువులో నెర్రెలు చెయ్యి దూరేంత వెడల్పుగా విచ్చుకున్నాయి. వరిగడ్డి లారీలు ఎక్కడి నుంచో వచ్చేవి, ఊరి మొదట్లోనే ఖాళీ అయిపోయేవి. కాడెద్దులను అమ్ముకున్నవాళ్లు కొందరు ఆసుపత్రి వసారాలో ఊరికే కూర్చుని పోయేవాళ్లు. నాకు మాత్రం ఆ ఏడు ఒకచోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. పొద్దున్నే స్కూటీ తీస్తే ఏ ఊరికి పోవాల్సి వస్తుందో, ఎన్నింటికి ఇల్లు చేరతానో తెలిసేది కాదు.

ఒకరోజు ఆసుపత్రి తలుపు తాళం తీస్తుండగానే మద్దిలేటి అనే కుర్రవాడు మోపెడ్ మీద వచ్చాడు. బండి స్టాండు కూడా వెయ్యలేదు, గోడకు ఆనించాడు.

"మేడమ్, మా అన్న మేకలు పడిపోతాండాయి. ఒకదానెనక ఒకటి. మందు పెట్టినారు మేడమ్."

ఎవరు పెట్టారని అడిగాను. సిద్దారెడ్డేనన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో అనుమానం ఏమాత్రమూ లేదు. చూసి చెబుతున్నట్టే చెప్పాడు.

మా సహాయకుడు హుసేన్‌ను ఎక్కించుకుని బయలుదేరాను. దారిలో హుసేన్ సంగతి చెప్పాడు. మద్దిలేటి అన్న ఓబులేసు మేకల మంద కాస్తాడు. రెండేళ్ల కిందట ఆ మంద సిద్దారెడ్డి నిమ్మతోటలో పడి లేత చెట్లు కొరికేసింది. రెడ్డి ఊరందరి ముందు ఓబులేసును తిట్టాడు. ఇంకోసారి గట్టు దాటితే ఒక్క మేకా ఇంటికి రాదని అన్నాడు. అప్పటి నుంచి రెండు ఇళ్ల మధ్య మాటల్లేవు. మా సీమలో ఇలాంటి చిన్న మాట ఎక్కడి దాకా పోతుందో నాకు తెలుసు. స్కూటీ ఎంత తోలినా ముందుకు పోనట్టే ఉంది.

ఓబులేసు ఇల్లు ఊరి చివర. కంపదొడ్లో మేకలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. చనిపోయినవి కొన్ని. మరికొన్ని నోరు తెరుచుకుని డొక్కలెగరేస్తున్నాయి. కొన్ని నిలబడి ఉన్నాయి గానీ తాగినట్టు తూలుతున్నాయి. ఓబులేసు ఒక పెద్ద పోతు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య నాగమ్మ మాత్రం కూర్చోలేదు. ఈ మేక దగ్గరికీ ఆ మేక దగ్గరికీ తిరుగుతూ దేన్నో ఒకదాన్ని లేపాలని చూస్తోంది.

పురుగుమందు తగిలితే చొంగ ధారగా కారుతుంది, కంటిపాప చుక్కంత అవుతుంది. వీటికి చొంగ లేదు. కంటిపాపలు పెద్దవిగా విప్పుకుని ఉన్నాయి. అప్పుడే చచ్చిన ఒకదానికి పోస్ట్‌మార్టం మొదలుపెట్టాను. కత్తి పెట్టగానే వచ్చిన రక్తం చూసి నా చెయ్యి ఆగింది. చచ్చిన జంతువు సిరల్లో రక్తం నల్లబడి ఉండాలి. ఇది పండుమిరపకాయలా ఎర్రగా ఉంది. రక్తంలో ఆక్సిజన్ ఉంది, దాన్ని వాడుకునే శక్తి ఒంటికి లేకుండా పోయింది. హైడ్రోసయానిక్ ఆసిడ్, అంటే సయనైడ్ జాతి విషం, చేసే పని అది. రూమెన్ అని మేము పిలిచే మొదటి పొట్టను తెరిస్తే ఒక చేదు వాసన ముక్కుకు తగిలింది. పొట్ట నిండా సగం నమిలిన పచ్చికాయలు.

మా ఊళ్లలో ఈ విషం కొత్తది కాదు. వానలు లేక గిడసబారిన జొన్న పైరును గొడ్లు మేస్తే వచ్చేది ఇదే. రైతులు దాన్ని నాము అంటారు. కానీ ఆ ఎండలో కనుచూపు మేరలో ఒక్క జొన్న మొక్క లేదు.

ఏం మేశాయని అడిగితే నాగమ్మ చెప్పింది. "తుమ్మకొమ్మలేనమ్మా. ఆకూ కాయా. తెల్లారుతానే ఏసినా. తుమ్మకాయలు మేకలకు కొత్తా ఏంది తల్లీ?"

కొమ్మలు ఎక్కడివని అడిగాను. నాగమ్మ మొగుడి వంక చూసింది. ఓబులేసు పోతు తల మీది నుంచి చెయ్యి తీయకుండా, నిన్న సాయంత్రం సిద్దారెడ్డే పిలిచి ఇచ్చాడని చెప్పాడు. చేని గట్టు మీది తుమ్మచెట్లకు కొమ్మలు కొట్టించి, మేకలకు తీసుకపొమ్మన్నాడట. రెండేళ్లుగా మాట్లాడని మనిషి పిలిచి మరీ మేత ఇచ్చాడు. తెల్లారి మేకలు చచ్చాయి. మద్దిలేటి గొంతులో అనుమానం ఎందుకు లేదో నాకు అర్థమైంది. ఆ స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్నేమో.

ముందు మేకల సంగతి చూడాలి. ఈ విషానికి యాంటిడోట్, అంటే విరుగుడు, సోడియం థయోసల్ఫేట్. నా సంచిలో ఉన్న ఇంజెక్షన్లు పడిపోయిన వాటికే చాలవు. తూలుతున్న వాటికి నోటి ద్వారానైనా పట్టించాలి. అప్పుడు ఫోటో స్టూడియో గుర్తుకొచ్చింది. ఫిల్ములు కడగడానికి వాళ్లు వాడే హైపో అదే మందు, స్ఫటికాల రూపంలో. మైదుకూరు పోయి ఏ స్టూడియోలో దొరికితే అక్కడ హైపో పట్టుకు రమ్మని నా స్కూటీ ఇచ్చి హుసేన్‌ను పంపాను. నేను మెడ నరం వెతికి ఇంజెక్షన్లు ఇస్తూ పోయాను. ఒకటి నా చేతుల్లోనే పోయింది. దాని పక్కది ఊపిరి నిలబెట్టుకుంది. ఏది బతుకుతుందో ఏది పోతుందో చూసే తీరిక లేదు. చూస్తూ నిలబడితే మూడోది పోతుంది.

మధ్యలో ఒకసారి దొడ్డి మూలన మిగిలిన కొమ్మల కుప్ప దగ్గరికి పోయాను. కొమ్మలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తుమ్మ జాతి చెట్ల ఆకు ఒకటే పోలిక, దువ్వెన పళ్లలా సన్నటి రెక్కలు. ముళ్లు జంటలు జంటలుగా. ఆకు చూసి ఏ తుమ్మో చెప్పమంటే కొంచెం అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. కాయలను విడదీశాను. ఎక్కువ భాగం నల్లతుమ్మవే. బూడిదరంగు నూగుతో, గింజ గింజకూ మధ్య నొక్కుపడి, పూసలు గుచ్చిన దండలా ఉంటాయి. అవి మేకలకు బలం. వాటి అడుగున వేరే కాయలు కనిపించాయి. సన్నగా, బల్లపరుపుగా, కాస్త వంపు తిరిగి, ఎక్కడా నొక్కు లేకుండా. కొమ్మ చివర గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. అవి ఇంకా పండలేదు, లేతవి. తెల్లతుమ్మ.

తెల్లతుమ్మ లేత కాయలోనూ చిగురులోనూ నాము ఉంటుందని కాలేజీలో చదువుకున్నాను. ఊపిరి పీల్చుకుని నాగమ్మకు చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పింది, మద్దిలేటి తన స్నేహితులను వెంటేసుకుని సిద్దారెడ్డి చేని మీదికి పోయాడని. ఎప్పుడు పోయాడో నేను గమనించనే లేదు.

అటు పోవాలా, ఇక్కడ ఉండాలా? కాళ్లు రెండు వైపులా లాగాయి. అంతలో హుసేన్ హైపో పొట్లాలతో తిరిగొచ్చాడు. నీళ్లలో కలిపి గొట్టంతో ఎలా పట్టించాలో నాగమ్మకూ అతనికీ చూపించి, ఓబులేసును లేపాను. అతను రానన్నాడు.

"నేను వొచ్చి ఏం జేసేది మేడమ్? వాడు నా మాట ఇనడు."

"నా మాట అసలే వినడు. నువ్వు పక్కనుంటే కనీసం నిలబడతాడు" అన్నాను. లేచాడు.

చేను దూరమేమీ కాదు. అయినా ఆ దారంతా నేను దాదాపు పరుగెత్తాను. గట్టు మీద మూడు తుమ్మచెట్లు వరసగా ఉన్నాయి. వాటి కింద మద్దిలేటి, మరో నలుగురు. ఇద్దరి చేతుల్లో కట్టెలు. మద్దిలేటి చేతిలో మేకలకు కొమ్మలు కొట్టే కొడవలి. సిద్దారెడ్డి వాళ్ల ఎదురుగా ఒక్కడే నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తుండుగుడ్డ భుజాన వేసుకుని ఉన్నాడు. పారిపోయే ఉద్దేశం గానీ బతిమాలే ఉద్దేశం గానీ అతని మొహంలో లేదు.

మందు చల్లినావా లేదా అని మద్దిలేటి అడుగుతున్నాడు. సిద్దారెడ్డి ఓబులేసును చూసి మాట అతనితో అన్నాడు.

"ఓబులేసూ, నీ మేకల డొక్కలు జూడలేక ఇచ్చినా. నేను మందు పెట్టింటే ఈ కాయలు నేనే తింటానా? సూడు."

అంటూనే వంగి, కింద రాలిన కొమ్మ నుంచి కాయలు దూసి నోట్లో పెట్టుకున్నాడు. ఎలా చేరుకున్నానో నాకే తెలియదు, అతని చేతిని కొట్టి, ఉమ్మెయ్యమని అరిచాను. అతను ఉమ్మలేదు. నేను అతని దవడ పట్టుకుని వేళ్లు పెట్టి కాయలు బయటికి లాగాను. తండ్రి వయసు మనిషి. ఊరి పెద్ద. అతని నోట్లోంచి వచ్చినవి సన్నటి బల్లపరుపు కాయలు.

నీళ్లతో నోరు పుక్కిలించమన్నాను. మద్దిలేటి నా వంక తిరిగాడు.

"అయితే విషం ఉండాదని నువ్వే జెప్తాండావు గదా మేడమ్."

"ఉంది. మనిషి పెట్టింది కాదు, చెట్టులోనే ఉంది" అన్నాను.

చెబితే నమ్మరని తెలుసు. జొన్నపైరు కాలంలో వాడే పిక్రేట్ పేపర్లు నా సంచిలో ఉన్నాయి. పిక్రిక్ ఆసిడ్‌లో ముంచి ఆరబెట్టిన పసుప్పచ్చ కాగితం ముక్కలవి. సయనైడ్ ఆవిరి తగిలితే ఇటుక రంగుకు తిరుగుతాయి. ఖాళీ మందు సీసాలు రెండు తీశాను. కాయలు నేను కోయలేదు, సిద్దారెడ్డినీ ముట్టనివ్వలేదు. మద్దిలేటినే చెట్టెక్కమన్నాను. మందు చల్లితే అందే చోట కాదు, చిటారు కొమ్మన కొయ్యమన్నాను. ముందు నల్లతుమ్మ ఎక్కాడు. తర్వాత మూడో చెట్టు, తెల్లతుమ్మ.

అతను దిగే లోపల మిగతావాళ్లకు చెట్లు చూపించాను. మొదటి రెండింటి బెరడు నల్లగా, నిలువునా పగిలి ఉంది. మూడోదాని బెరడు పాలిపోయి, సున్నం పూసి కడిగినట్టు ఉంది. చెట్టు నిలబడి ఉన్నప్పుడు గుడ్డివాడికి తప్ప ఎవరికైనా తేడా తెలుస్తుంది. కొమ్మలు కొట్టి కుప్ప వేశాక బెరడు అక్కడే ఉండిపోతుంది, ఆకూ కాయా మాత్రమే ఇంటికొస్తాయి. పూల కాలమైతే అదీ సులువే. నల్లతుమ్మ పూవు పసుపు ముద్ద, ఆకు మొదట్లో పూస్తుంది. తెల్లతుమ్మ పూవు మీగడ రంగు, వానాకాలంలో కొమ్మ చివర పెద్ద గుత్తిగా పూస్తుంది. ఆ కాలం దాటిపోయింది. మనకు మిగిలింది కాయ ఒక్కటే అని చెప్పాను. ఓబులేసు రెండు రకాల కాయలూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూశాడు. నిన్న రెడ్డి పిలిస్తే వచ్చి మొదటి చెట్టు చూశాననీ, మూడోదాని దాకా పోలేదనీ మెల్లగా అన్నాడు. కొమ్మలు కొట్టిన కూలీలు మూడింటివీ కలిపి కట్టలు కట్టారు.

మద్దిలేటి కొడవలి కింద పెట్టి, రాయి మీద కాయలు తనే దంచాడు. ఒక్కో సీసాలో వేసి, కొన్ని చుక్కల నీళ్లు పోసి, కాగితం లోపల వేలాడేలా మూత బిగించాడు. రెండు సీసాలూ తనే పట్టుకున్నాడు. ఎండకు పట్టమన్నాను, వేడికి పని త్వరగా అవుతుందని.

ఆ కాసేపు నేను ఒకచోట నిలబడలేకపోయాను. కాగితాలు పాతవి. ఎండకు చెడిపోయి ఉంటే? రంగు మారకపోతే ఆ సీసాలే సిద్దారెడ్డి మెడకు చుట్టుకుంటాయి. దొడ్లో మేకలకు హైపో సరిగా పడుతోందో లేదో. చెట్టు చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను. సిద్దారెడ్డి గట్టు మీద కూర్చున్నాడు. కళ్లు తిరుగుతున్నాయా అని రెండుసార్లు అడిగాను. లేదని తలాడించాడు.

తెల్లతుమ్మ కాయల సీసాలో ముందు కాగితం అంచు మారింది. పసుపు కాస్తా నారింజ రంగయింది. మద్దిలేటి సీసాను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. తర్వాత నారింజ ఎరుపైంది, ఎరుపు ముదిరి ఇటుక రంగుకు వచ్చింది. నల్లతుమ్మ సీసాలో కాగితం పసుపుగానే ఉంది. అతను ఒకదాన్నీ ఇంకొకదాన్నీ మార్చి మార్చి చూశాడు. ఎర్రబడిన సీసాను స్నేహితుల చేతికిచ్చాడు. కట్టెలు పట్టుకున్నవాళ్లు వాటిని గట్టుకు ఆనించి, సీసాను ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకున్నారు.

అప్పుడు మద్దిలేటి అడిగిన ప్రశ్నను నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

"మేడమ్, మా మేకలు తెల్లతుమ్మ ఎన్నో తూర్లు కొరికినాయి. మా నాయిన కాలం నుంచి జూస్తాండాము. అప్పుడు రాని నాము ఇప్పుడేల వచ్చె?"

మేకలను చూసి చెబుతానన్నాను. అందరం కలిసి దొడ్డికి తిరిగొచ్చాం. సిద్దారెడ్డి కూడా వెనకే వచ్చాడు, పిలవకుండానే. హైపో పట్టించిన మేకలు చాలావరకు నిలబడ్డాయి. పడిపోయిన వాటిలో కొన్ని తలెత్తి చూస్తున్నాయి. మందలో సగానికి దగ్గర పోయింది. నాగమ్మ రెండు చేతులూ హైపో నీళ్లతో తడిసి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, ఈ కొమ్మలు వేసే ముందు నిన్న మేకలు ఏం మేశాయని అడిగాను.

"నిన్నా ఏమీ లేదు తల్లీ. మొన్నా ఏమీ లేదు. నీళ్లు తాగి పండుకొన్యాయి. అందుకే గదా రెడ్డి పిలిస్తే సిగ్గిడిసి పోయి తెచ్చుకొన్యాము."

మద్దిలేటి ప్రశ్నకు జవాబు అదే. నిండు కడుపుతో కొండ మీద తిరిగే మేక తెల్లతుమ్మను నాలుగు కాయలు కొరికి పక్క చెట్టుకు పోతుంది. ఆ కాస్త నామును దాని ఒళ్లు అరిగించుకుంటుంది. రెండు రోజులు పస్తున్న మేక ముందు కుప్ప పోస్తే ఊపిరి తీసుకోకుండా తింటుంది. ఖాళీ పొట్టలో విషం ఒక్కసారిగా విడుదలవుతుంది. ఇదంతా వాళ్ల భాషలో చెప్పాను. ఓబులేసు విన్నాడు. సిద్దారెడ్డి వినలేకపోయాడో ఏమో, మధ్యలోనే లేచి వెళ్లాడు. కాసేపటికి అతని కూలీలు పారలతో వచ్చి, చచ్చినవాటికి గుంతలు తవ్వారు.

కొన్నాళ్లకు సిద్దారెడ్డి ఆసుపత్రికి వచ్చాడు. ఆవుకు ఏదో మందు అడిగాడు గానీ ఆవుకు జబ్బేమీ లేదని నాకు తెలుస్తూనే ఉంది. బయలుదేరబోతూ ఆగాడు.

"ఎవురూ నన్ను ఏమీ అనడంల్యా మేడమ్. అయినా నా చేత్తో ఇచ్చినవే గదా."

మీరు ఇచ్చింది మేతే అన్నాను. ఆ చెట్టు కొట్టేయనా అని అడిగాడు. వద్దన్నాను. ఆ ఎండల్లో నిలబడి ఉన్న చెట్లే తక్కువ.

ఆ ఏడు వానలు ఆలస్యంగానైనా పడ్డాయి. దుక్కులకు ముందు, ఎరువు కోసం తన చేలో మంద కట్టమని సిద్దారెడ్డి ఓబులేసుకు కబురు పంపాడు. మిగిలిన మేకలను ఓబులేసు అక్కడే కట్టాడు, భోజనం రెడ్డి ఇంటి నుంచే వచ్చేదట. మద్దిలేటి మాత్రం ఆ చేలోకి అడుగుపెట్టలేదు. కోపం కాదన్నాడు నాతో. ఆ పొద్దు కొడవలి పట్టుకుని నిలబడిన చోటికి పోవాలంటే కాళ్లు రావడం లేదన్నాడు. మేకల పని వదిలేశాడు. తర్వాత తుమ్మలపల్లెలో గని పనులు మొదలైనప్పుడు కూలికి అటు వెళ్లాడని విన్నాను.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో పనిచేశాను. కొత్తగా చేరిన డాక్టర్లకు నల్లతుమ్మ, తెల్లతుమ్మ కాయలు చూపించి తేడా చెబుతాను. వాళ్లు తొందరగానే నేర్చుకుంటారు, కష్టమైన పాఠం కాదు. రెండో పాఠం మాత్రం చాలాసార్లు చెప్పాల్సి వస్తుంది. విషం తిన్న మంద దగ్గరికి పోతే అందరూ అడిగేది ఈ పొద్దు ఏం మేశాయని. ఆ ప్రశ్నకు చెట్టు పేరు మాత్రమే జవాబుగా వస్తుంది. దాంతో పాటు నిన్న ఏం మేశాయని కూడా అడగండి అంటాను. అడిగాక, నిన్న ఏమీ పెట్టలేదని చెప్పాల్సి వచ్చినవాళ్లు ఒక్కోసారి తల వంచుకుంటారు. అప్పుడు తొందరపెట్టకండి అంటాను.